పంట లెక్కకు దారి వేసిన మహలనోబిస్

ఢిల్లీలో పూసా వ్యవసాయ పరిశోధనా సంస్థ ఆవరణలో కేంద్ర వ్యవసాయ శాఖ వారి ఆఫీసు ఒకటి ఉన్నది. ఖరీఫ్‌లో వరి ఎన్ని ఎకరాల్లో పడింది, రబీలో గోధుమ ఎలా ఉన్నది, ఏ జిల్లాలో వాన మొహం చాటేసింది, ఎక్కడ పైరు వాడుతున్నది, ఇవన్నీ ఉపగ్రహాలు తీసిన చిత్రాలనూ వాతావరణ శాఖ వర్షపాతం లెక్కలనూ దగ్గర పెట్టుకుని అంచనా కట్టడం ఆ ఆఫీసు పని. 2012లో దానిని ప్రారంభించారు. పేరు మహలనోబిస్ జాతీయ పంటల అంచనా కేంద్రం. కరువు నిర్ణయించే దగ్గరా, పంటల బీమా లెక్క తేల్చే దగ్గరా ఈ కేంద్రం తయారు చేసిన పద్ధతులకు ఇప్పుడు చాలా పలుకుబడి ఉన్నది.

మహలనోబిస్ పేరు మన కార్యకర్తలకు కొత్త కాదు. మిగులు భూముల మీద మీటింగు జరిగినప్పుడల్లా ఆ పేరు ఎవరి నోటనో ఒకరి నోట వస్తూనే ఉంటుంది. ప్రణాళికల చరిత్ర చదివిన వారు రెండవ పంచవర్ష ప్రణాళికను ఆయన పేరుతోనే గుర్తు పెట్టుకుంటారు. కాని ఆయన జీవితంలో సింహభాగం తిన్నది పంట లెక్క. అసలు దేశంలో ఎంత పండింది, అది మనకెలా తెలుస్తుంది? చిన్న ప్రశ్నలా కనబడుతుంది గాని దీని వెనక లక్షల మంది చావుబతుకులు ఉన్నాయి.

ముందు పాత పద్ధతి సంగతి చెప్పుకోవాలి. బ్రిటిష్ వాళ్ళ హయాంలో పంటను అణాల్లో కొలిచేవారు. పూర్తి పంట అంటే పదహారణాలు. రెవెన్యూ ఉద్యోగి గట్టు మీద నిలబడి చేను వంక చూసి ఈ ఏడు పది అణాలనో, ఎనిమిది అణాలనో రాసేసేవాడు. దీనినే మన జిల్లాల్లో అణావారీ అన్నారు. సాగయిన విస్తీర్ణాన్ని మామూలు దిగుబడితో హెచ్చించి, దానిని ఈ అణాల చొప్పున తగ్గించి, దేశంలో పంట ఇంత అని పై వారికి రిపోర్టు పంపేవారు. శిస్తు రెమిషన్ ఇవ్వాలా వద్దా అన్నది కూడా ఆ అణాల మీదనే తేలేది. శిస్తు వసూలు చేసుకునేవాడే పంట ఎంతో చెప్పేవాడు కూడా అయినప్పుడు ఆ లెక్క ఎవరి వైపు మొగ్గుతుందో వేరే చెప్పాలా?

మద్రాసు రాజధానిలోని రయత్వారీ జిల్లాల్లో కనీసం కరణం ఉండేవాడు, అతని దగ్గర అడంగల్ ఉండేది. తప్పో ఒప్పో, ఏ సర్వే నంబరులో ఏ పైరు వేశారో ఏటా ఒకచోట రాసి ఉండేది. బెంగాల్‌లో అదీ లేదు. 1793 నాటి శాశ్వత శిస్తు ఏర్పాటుతో జమీందారు ఏటా ఇంత కడితే చాలునని సర్కారు తీర్మానించుకున్నది. ఇక పల్లెలో ఏం పండితే ఎవడికి కావాలి? పంటల లెక్క గ్రామ చౌకీదారు చెప్పే మాట మీద ఆధారపడింది. అలాంటి బెంగాల్‌లో పుట్టినవాడు ప్రశాంత చంద్ర మహలనోబిస్.

1893 జూన్ 29న కలకత్తాలో ఆయన జన్మించారు. వారిది బ్రహ్మసమాజ కుటుంబం. తాత గురుచరణ్ తూర్పు బెంగాల్‌లోని విక్రంపూర్ నుంచి కలకత్తా చేరి, ఆ రోజుల్లోనే వితంతువును పెళ్ళాడిన సంస్కర్త. ప్రశాంత చంద్ర ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం చదివారు. జగదీశ్ చంద్ర బోసు, ప్రఫుల్ల చంద్ర రాయ్ ఆ కాలేజీలో పాఠాలు చెప్పినవారే. 1913లో ఇంగ్లండు వెళ్ళి కేంబ్రిడ్జిలో చేరారు. గణిత మేధావి రామానుజన్ ఆ సమయంలో అక్కడే ఉన్నాడు, ఇద్దరికీ స్నేహం కుదిరింది. 1915లో చదువు పూర్తయింది. ఇంటికి ఓడలో వచ్చేటప్పుడు జీవశాస్త్రానికి గణితాన్ని వర్తింపజేసే బయోమెట్రికా అనే పత్రిక సంపుటాలను కొని తెచ్చుకున్నారు. దారిలో చదవటం మొదలుపెట్టిన ఆ సంపుటాలు ఆయన బతుకు దారినే మార్చాయి. తిరిగి ఇంగ్లండు వెళ్ళాలనుకున్నవారు వెళ్ళనే లేదు. ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం పంతులుగా ఉండిపోయారు. పంతులు పని పగలు, గణాంకాల పిచ్చి రాత్రి. రవీంద్రనాథ టాగూరుకు సన్నిహితుడు, విశ్వభారతికి పదేళ్ళ పాటు కార్యదర్శుల్లో ఒకరు. 1923లో నిర్మల కుమారిని వివాహం చేసుకున్నారు. పెళ్ళికూతురి తండ్రికి ఆ పెళ్ళి ఇష్టం లేదు, అయినా జరిగింది.

వాతావరణంతో ఆయనకు సంబంధం ఇక్కడే మొదలైంది. 1922 నుంచి 1926 వరకు కలకత్తాలోని అలీపూర్ అబ్జర్వేటరీలో వాతావరణ శాస్త్రజ్ఞుడుగా కూడా పని చేశారు. వాన ఎప్పుడు, ఎంత, ఎక్కడ పడింది అన్న లెక్కలు ఏళ్ళ తరబడి అక్కడ పుస్తకాల్లో పోగుపడి ఉన్నాయి. వాటిని దులిపి చదివే నాథుడు లేడు. 1922లో ఉత్తర బెంగాల్‌ను వరదలు ముంచెత్తాయి. ఇంజనీర్ల సంఘం కూర్చుని, నీటిని నిలబెట్టే పెద్ద జలాశయాలు బోలెడంత ఖర్చు పెట్టి కట్టాలన్నది. మహలనోబిస్ సుమారు యాభై ఏళ్ళ వర్షపాతాన్నీ వరదలనూ పక్కపక్కన పెట్టి చూసి, ఆ జలాశయాల వల్ల ఉపయోగం లేదనీ, కావలసింది నీరు త్వరగా దిగిపోయే మార్గాలనీ తేల్చారు.

తరువాత 1926లో ఒరిస్సాలో బ్రాహ్మణి నది పొంగింది. నది అడుగు మేట వేసి పైకి లేచింది కాబట్టి కరకట్టలను ఎత్తు చేయాలని నిపుణులు చెప్పారు. ఈయన మళ్ళీ అరవై ఏళ్ళ వానల లెక్క తీశారు. నది అడుగు లేవలేదు, ఎగువన కురిసిన వానే అసాధారణమైనది అని రుజువు చేశారు. గట్టు పెంచుకుంటూ పోవటం కాదు, ఎగువన ఆనకట్టలు కట్టి వరదను ఆపాలి, ఆ నీటితోనే సేద్యం, విద్యుత్తు సాధించాలి అన్నారు. స్వాతంత్ర్యం తరువాత మహానదిపై హీరాకుడ్ కట్టినప్పుడు ఆయన లెక్కలు పనికి వచ్చాయి. ఏటి గట్టు తెగి పొలం మేట వేసిన రైతుకు ఈ వాదన విలువ ఒకరు విప్పి చెప్పనవసరం లేదు. గట్టు పేరుతో కాంట్రాక్టరుకు పని దొరికే ప్రతిచోటా ఈ వాదన ఇప్పటికీ పాతబడలేదు.

1931 డిసెంబరులో ప్రెసిడెన్సీ కాలేజీలోని తన గదిలోనే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను పెట్టారు. మొదటి సంవత్సరం ఖర్చు మొత్తం 238 రూపాయలు. ఆ రోజుల్లో కంప్యూటరు అంటే యంత్రం కాదు, కూర్చుని కూడికలు హెచ్చవేతలు చేసే గుమాస్తా. అలాంటి గుమాస్తాలతో, చేత్తో తిప్పే లెక్కల మిషన్లతో సంస్థ నడిచింది. 1933లో సాంఖ్య అనే పత్రిక మొదలైంది. రెండు గుంపుల మధ్య పోలికనూ తేడానూ కొలిచేందుకు ఆయన కనిపెట్టిన కొలతను 1936లో పూర్తి రూపంలో ప్రచురించారు. దానిని ఇప్పటికీ ప్రపంచమంతా మహలనోబిస్ దూరం అని పిలుస్తున్నది. ఉపగ్రహ చిత్రంలో ఇది వరి, ఇది చెరకు అని వేరు చేయటానికి వాడే కొలతల్లో అదీ ఒకటి. మనుషుల తలల కొలతలు పోల్చటానికి పుట్టిన లెక్క అలా చేల మీదికి వచ్చింది.

1937లో అసలు కథ మొదలయింది. భారత కేంద్ర జనపనార సంఘం బెంగాల్‌లో జనుము ఎంత వేశారో కనుక్కోమని ఈయనను అడిగింది. జనుము పండించేవాడు బెంగాలీ రైతు, చాలామంది కౌలుదారులు. మిల్లులు హుగ్లీ నది ఒడ్డున, ఎక్కువగా తెల్లవాళ్ళ చేతుల్లో. పంట ఎంత వస్తుందో ముందుగా తెలిసినవాడిదే బేరం. తెలియనివాడు సంతకు తెచ్చి, చెప్పిన ధరకు తూచి పోవలసిందే. కాబట్టి ఈ లెక్క మీద మొదట ఆసక్తి పుట్టింది రైతు మేలు కోరి అని మనం అనుకోనక్కరలేదు. కాని లెక్క పద్ధతి ఒకసారి తయారైతే అది అందరికీ పనికి వస్తుంది.

ఊరూరా తిరిగి ప్రతి మడినీ రాయటం ఒక పద్ధతి. దానికి వేల మంది కావాలి, వాళ్ళకు తర్ఫీదు ఉండదు, పర్యవేక్షణ ఉండదు, పని పూర్తయ్యేసరికి పంట మిల్లుకు చేరిపోతుంది. మహలనోబిస్ వేరే దారి పట్టారు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి కుండంతా తినం, ఒక్క మెతుకు పట్టి చూస్తాం గదా. అయితే కుండలో మెతుకులన్నీ ఒకే నీటిలో ఒకే సెగ మీద ఉడికినవి. దేశం అలా కాదు. కాలువ కింద పొలం వేరు, మెరక వేరు, చౌడు వేరు. రోడ్డు పక్క మడి చూసి ఊరంతా అదే అనుకుంటే మోసపోతాం. అందుకని ఏ మెతుకు పట్టాలో చూసేవాడి ఇష్టానికి వదలకూడదు, చీటీ వేసినట్టు తీయాలి. గ్రామ పటాల మీద చదరపు గళ్ళు గీసి, ఏ గడి వస్తే ఆ గడికి మనిషి వెళ్ళి తీరాలి. అడుసు ఉన్నా, నడుం లోతు నీళ్ళున్నా, పడవెక్కి అయినా వెళ్ళి అందులోని ప్రతి మడిలో ఏ పైరు ఉన్నదో రాసుకు రావాలి. ఇదే నమూనా సర్వే.

మనిషి వెళ్ళకుండా చెట్టు కింద కూర్చుని రాసేస్తే? దానికీ ఆయన ఉపాయం ఉన్నది. ఒకే ప్రాంతాన్ని రెండు వేరువేరు జట్లు, ఒకరికొకరు సంబంధం లేకుండా, రెండు వేరువేరు నమూనాలతో సర్వే చేస్తాయి. రెండు లెక్కలూ దగ్గరగా ఉంటే నమ్మవచ్చు. దూరంగా ఉంటే ఎక్కడో తప్పో, దొంగతనమో జరిగిందన్నమాట. ఎంత గడి తీసుకుంటే ఎంత ఖర్చు, ఎంత నిజం అన్నది కూడా ముందే చిన్న సర్వేలతో లెక్క వేసుకున్నారు. అయిదేళ్ళ ప్రయోగాల తరువాత 1941లో బెంగాల్ అంతటా జనుము సర్వే జరిగింది. అదే సమయంలో ప్రభుత్వం ప్రతి మడినీ లెక్కించే పని కూడా చేయించింది. పంట చేతికొచ్చి వ్యాపార లెక్కలు తేలాక చూస్తే, మహా ఖర్చుతో చేసిన పూర్తి లెక్క కంటే కొద్దిమందితో చేసిన నమూనా లెక్కే నిజానికి దగ్గరగా ఉన్నది.

దిగుబడి తేల్చటానికి పంట కోత ప్రయోగం కావాలి. ఇది ఆయన కనిపెట్టినది కాదు. బీహార్, ఒరిస్సాలలో హబ్బాక్ అనే అధికారి 1920లలోనే వరి చేలలో యాదృచ్ఛికంగా చోటు ఎంచి కోసి తూచే పద్ధతిని నడిపి చూపాడు. మహలనోబిస్ దానిని పెంచి శాస్త్రంగా మలిచారు. చేలో చీటీ ప్రకారం వచ్చిన బిందువు దగ్గర కొద్ది అడుగుల కొలత తిప్పి, ఆ చిన్న వలయంలోని పైరు కోసి, నూర్చి, తూచేవారు.

అణావారీతో ఆడుకున్నందుకు ఎంత ఖరీదు చెల్లించవలసి వచ్చిందో 1943 చూపింది. 1942 అక్టోబరులో మేదినీపూర్‌ను తుఫాను కొట్టింది, వరికి తెగులు పట్టింది. బర్మా బియ్యం రావటం అంతకు ముందే ఆగింది. యుద్ధం పేరుతో పడవలు స్వాధీనం చేసుకున్నారు, ధాన్యం కొన్నారు, కరెన్సీ అచ్చు గుద్దారు. ధర ఎగబాకుతుంటే అసలు రాష్ట్రంలో ధాన్యం ఎంత ఉన్నదో చెప్పగల నమ్మకమైన లెక్క ప్రభుత్వం దగ్గర లేదు. ఒకడు కొరత లేదంటాడు, ఇంకొకడు ఉన్నదంటాడు. నల్లబజారు వాళ్ళకు మాత్రం లెక్క బాగా తెలుసు. సుమారు 30 లక్షల మంది పోయారని చాలామంది పరిశోధకుల అంచనా.

కరువు తరువాత 1944-45లో మహలనోబిస్, ఆయన సహచరులు రామకృష్ణ ముఖర్జీ, అంబికా ఘోష్ కలిసి బెంగాల్ పల్లెల్లో నమూనా సర్వే చేశారు. ఎవరు చచ్చారు, ఎవరు అమ్ముకున్నారు, ఎవరు కొన్నారు అన్న ప్రశ్నలతో ఇంటింటికీ వెళ్ళారు. వ్యవసాయ కూలీలు, పల్లెకారులు, చేతివృత్తుల వాళ్ళు అందరికంటే ఎక్కువగా చితికిపోయారని ఆ సర్వే చూపింది. కరువుకు ముందు వరి భూమి ఉన్న కుటుంబాల్లో నాలుగో వంతు, అంటే సుమారు 16 లక్షల కుటుంబాలు, ఒక్క ఏడాదిలో భూమి కొంతో అంతో అమ్ముకోవటమో తాకట్టు పెట్టటమో చేశాయి. రెండున్నర లక్షలకు పైగా కుటుంబాలకు సెంటు మిగల్లేదు. 1946లో సాంఖ్యలో అచ్చయిన ఈ సర్వేను 1981లో అమర్త్య సేన్ తన కరువుల పుస్తకంలో వాడుకున్నారు. గాదెలో ధాన్యం ఉండటం వేరు, కూలివాడి చేతిలో దాన్ని కొనే శక్తి ఉండటం వేరు అన్నది ఆయన వాదన. పంట లెక్క తేలినంత మాత్రాన కడుపు నిండదు అన్న సంగతి మహలనోబిస్ సర్వేలోనే ఉన్నది. ఆయన ధాన్యాన్ని తూచినట్టే మనుషుల నష్టాన్ని కూడా తూచారు. ఇప్పుడు ఉపగ్రహ చిత్రాలు చూపి మురిసిపోయే ఆఫీసర్లు ఈ రెండో తూకం సంగతి అంతగా ఎత్తరు.

ఆ రోజుల్లోనే మన తెలుగువాడు ఒకరు ఆ సంస్థకు చేరారు. కల్యంపూడి రాధాకృష్ణారావు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళి 1941లో అక్కడ శిక్షణలో చేరారు. నలభై ఏళ్ళ పాటు ఆ సంస్థలో ఉండి, ప్రపంచ ప్రఖ్యాతి పొంది, 2023లో 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. మహలనోబిస్ చుట్టూ అలాంటివారు చేరటం ఆయన గొప్ప. అయితే మెతక మనిషి కాదు. సంస్థ మీద పట్టు ఎవరికీ వదిలేవారు కాదు, సహచరులతోనూ ప్రభుత్వంతోనూ తగాదాలు ఉండేవి.

అన్ని తగాదాల్లోనూ ఆయనదే నిజం అని చెప్పటం కూడా సరి కాదు. పంట కోత గడి ఎంత ఉండాలన్న మీద పి.వి. సుఖాత్మే, వి.జి. పాన్సే అనే వ్యవసాయ గణాంక నిపుణులు ఆయనతో గట్టిగా విభేదించారు. గడి చిన్నదైతే అంచున ఉన్న దుబ్బులు లోపలికి వచ్చాయా బయట ఉన్నాయా అన్న అనుమానం ఎక్కువ. కోసేవాడి చెయ్యి సహజంగా లోపలికే లాగుతుంది, పంట ఉన్నదానికంటే ఎక్కువ కనబడుతుంది. గడి పెద్దదైతే ఈ పొరపాటు తగ్గుతుంది. వారి మాటే నెగ్గింది. ఈనాడు మన వరి చేలలో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గడి కొలిచి కోస్తున్నారంటే అది వారి బాట. రెండవ తగాదా, ఈ పని రెవెన్యూ, వ్యవసాయ శాఖల సిబ్బంది చేయాలా, వేరే సర్వే సిబ్బంది చేయాలా అన్నది. మహలనోబిస్ వేరే సిబ్బంది ఉండాలన్నారు, ఓడిపోయారు. ఉన్న సిబ్బందితో చవకగా దేశమంతా నడపవచ్చునన్న వాదన గెలిచింది. ఈ రెండవ విషయంలో ఆయన వైపే న్యాయం ఎక్కువ ఉన్నదని నాకు తోస్తుంది. నష్టం ఎంతో చెప్పేవాడు పరిహారం ఇచ్చే యంత్రాంగం కింద నౌకరుగా ఉండకూడదు.

స్వాతంత్ర్యం వచ్చాక నెహ్రూ ఆయనను దగ్గరకు తీసుకున్నారు. 1949లో కేబినెట్‌కు గణాంక సలహాదారు. 1950లో జాతీయ నమూనా సర్వే మొదలైంది. దేశంలో పేదరికం, నిరుద్యోగం, అప్పులు, భూమి గురించి ఈనాడు మనం వాడే అంకెల్లో చాలా భాగం ఆ సర్వే పెట్టిన బిక్షే. 1956 డిసెంబరులో చైనా ప్రధాని చౌ ఎన్ లై కలకత్తా సంస్థను చూసి, నమూనా సర్వే నేర్చుకునేందుకు తమ వాళ్ళను పంపారు. మరుసటి సంవత్సరం మహలనోబిస్ చైనా వెళ్ళారు. సోవియట్ యూనియన్ నుంచి ఉరల్ అనే కంప్యూటరును తెప్పించారు. సోవియట్ సైన్స్ అకాడమీ ఆయనను 1958లో సభ్యుడుగా ఎన్నుకున్నది.

1956లో మొదలైన రెండవ ప్రణాళికకు ఆయన వేసిన నమూనా భారీ పరిశ్రమలకు పెద్ద పీట వేసింది. భిలాయి, రూర్కెలా, దుర్గాపూర్ ఆ కాలం పనులే. దేశం తన కాళ్ళ మీద నిలబడాలన్న ఆలోచన మంచిదే. కాని మొదటి ప్రణాళికతో పోలిస్తే సేద్యం వాటా తగ్గింది. అదే సంవత్సరం అమెరికాతో పి.ఎల్. 480 గోధుమల ఒప్పందం కుదిరింది. పంట లెక్కలో ఆరితేరిన మనిషి వేసిన ప్రణాళికలో పంటకు వాటా తగ్గటం ఒక వింత. భూసంస్కరణలు జరిగితే పెద్ద పెట్టుబడి లేకుండానే పంట పెరుగుతుందన్న ఆశ ఆ నమూనా వెనుక ఉన్నది. అవి జరగలేదు.

ఎందుకు జరగలేదో ఆయన అంకెలే చెబుతాయి. 1954-55లో జాతీయ నమూనా సర్వే భూముల వివరాలు సేకరించింది. గ్రామీణ కుటుంబాల్లో అయిదో వంతుకు పైగా సెంటు భూమి లేనివని తేలింది. ఆ సర్వే ఆధారంగా, 20 ఎకరాల పరిమితి పెడితే దేశంలో సుమారు 6 కోట్ల 30 లక్షల ఎకరాలు మిగులు తేలుతుందని మహలనోబిస్ లెక్క కట్టారు. మన మీటింగుల్లో వినిపించే అంకె ఇదే. మన రాష్ట్రంలో 1973లో భూపరిమితి చట్టం వచ్చేనాటికి భూములు కొడుకుల పేరా, కోడళ్ళ పేరా, పాలేళ్ళ పేరా కూడా మారిపోయాయి. దేశం మొత్తం మీద ఇన్నేళ్ళలో పంచినది ఆయన చెప్పిన దానిలో పదో వంతుకు కూడా చేరలేదు. ప్రణాళికల వల్ల పెరిగిన ఆదాయం ఎవరి ఇంట చేరిందో చూడమని 1960లో వేసిన కమిటీకి కూడా ఆయనే అధ్యక్షుడు. ఆర్థిక శక్తి కొద్దిమంది చేతుల్లో పోగుపడుతున్నదని ఆ కమిటీ 1964లో రాసింది.

1972 జూన్ 28న, 79వ పుట్టినరోజుకు ఒక్క రోజు ముందు, మహలనోబిస్ కలకత్తాలో మరణించారు. సరిగ్గా 25 రోజులకు, జూలై 23న, భూమి వనరులను ఫొటో తీసే మొదటి ల్యాండ్‌శాట్ ఉపగ్రహాన్ని అమెరికా ఎగరవేసింది. ఆ ఏడాదే సోవియట్ యూనియన్ అమెరికా వ్యాపారుల దగ్గర చడీచప్పుడు లేకుండా భారీగా గోధుమలు కొన్నది. అమెరికాలో ధరలు పెరిగాయి, ప్రభుత్వం తెల్లబోయింది. ఎదుటివాడి పంట ఎంతో ముందే తెలిసి ఉంటే అనిపించింది వాళ్ళకు. 1974లో ఉపగ్రహ చిత్రాలతో, వాతావరణ లెక్కలతో సోవియట్ గోధుమను అంచనా కట్టే పెద్ద కార్యక్రమం మొదలుపెట్టారు. జనుము మిల్లు బేరం, గోధుమ బేరం ఒకటే.

మన దేశంలో 1974లో జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ ఏర్పడింది. అది మన హైదరాబాదులోనే. ఉపగ్రహాల సమాచారం షాద్‌నగర్ దగ్గర దిగుతుంది. 1988 మార్చిలో మన సొంత ఐ.ఆర్.ఎస్. 1ఎ ఉపగ్రహాన్ని సోవియట్ రాకెట్టు బైకనూర్ నుంచి మోసుకుపోయింది. 1980ల చివరి నుంచి కరువు పరిశీలన హైదరాబాదు నుంచే నడిచింది, 2012లో దానిని మహలనోబిస్ కేంద్రానికి అప్పగించారు. ఫసల్ అనే పంటల అంచనా పథకం 2006లో వచ్చింది.

పైనుంచి పైరు ఎలా తెలుస్తుంది? పచ్చటి ఆకు ఎండలోని ఎర్ర కాంతిని మింగేస్తుంది, కంటికి కనబడని పరారుణ కాంతిని బాగా వెనక్కి కొడుతుంది. ఆకు వాడితే ఈ తేడా తగ్గుతుంది. ఆ తేడాను ఏటికి ఏడు, పక్షానికి పక్షం పోల్చి ఎక్కడ పైరు బలంగా ఉన్నదో, ఎక్కడ వాడుతున్నదో చెబుతారు. వానాకాలం మబ్బు కమ్మి ఉంటే ఈ కన్ను పని చేయదు. అందుకు రాడారు ఉపగ్రహం కావాలి, అది మబ్బును దాటి చూస్తుంది. నీరు నిలిచిన దమ్ము మడి రాడారులో నల్లగా ఉండి, నాట్లు పెరిగే కొద్దీ తెల్లబారుతుంది. అలా వరిని గుర్తు పడతారు. నేల తేమ, వర్షపాతం, విత్తిన విస్తీర్ణం లెక్కలు దీనికి కలుపుతారు. ఇంత ఉన్నా, జిల్లాను చదరపు గళ్ళుగా విడదీసి, కొన్ని గళ్ళను నమూనాగా ఎంచి, నేల మీదికి మనిషిని పంపి సరిచూసుకోవటం మానలేదు. 1937లో బెంగాల్ బురదలో మొదలైన గడి ఇంకా అక్కడే ఉన్నది.

ఉపగ్రహానికి కనబడనివి కూడా ఉన్నాయి. చేను కనబడుతుంది గాని దున్నినవాడు కనబడడు. పైరు ఎండింది అని చిత్రం చెబుతుంది, పరిహారం పట్టాదారు ఖాతాకు పోతుంది, కౌలుకు చేసి అప్పు చేసినవాడు గట్టు మీద ఉంటాడు. కౌలుదారుకు కార్డు ఇవ్వటానికి 2011లో ఒక చట్టం, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఇంకొకటి వచ్చాయి. రెండో దానిలో యజమాని సంతకం కావాలన్నారు. సంతకం పెట్టే యజమాని ఎంతమంది ఉంటారో మన వాళ్ళకు తెలుసు. చేను ఎండితే కోత కూలి, నూర్పు కూలి పోయిన వ్యవసాయ కార్మికుడి నష్టం ఏ బీమా లెక్కలోనూ రాదు. 1944లో బెంగాల్ కూలివాడి ఇంటికి సర్వే మనిషి వెళ్ళాడు. ఇప్పటి కరువు లెక్కలో ఆ ఇంటికి గడి లేదు.

2016లో వచ్చిన ఫసల్ బీమా పథకంలో ముఖ్యమైన పంటకు గ్రామానికో పంచాయతీకో కనీసం నాలుగు పంట కోత ప్రయోగాలు జరగాలన్నారు. 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమలకు ఉపగ్రహాలతో కట్టిన దిగుబడి అంచనాకు కనీసం 30 శాతం విలువ ఇవ్వాలన్నారు. మిగతాది కోత ప్రయోగానిదే. 25 చదరపు మీటర్ల గడిలో తూకం ఒక్క కిలో అటు ఇటు అయితే ఎకరానికి సుమారు 162 కిలోలు తేడా వస్తుంది. రెండు బస్తాల పైమాట. ఆ తేడా ఆ ఒక్క చేనుతో ఆగదు, ఆ పంట వేసిన ఊరందరి లెక్క మీదా పడుతుంది. అందుకని ఏ సర్వే నంబరు చీటీలో వచ్చింది, గడి మూల చీటీ ప్రకారం వచ్చిన చోటనే పాతారా లేక బాగున్న మూల చూసి పాతారా, తాడు బిగువుగా కట్టారా, అంచు దుబ్బులు ఎటు వేశారు, నూర్చిన ధాన్యం అక్కడే తూచారా అన్నవి ఆ రోజు చేలో ఉన్నవాళ్ళు చూడవలసిన సంగతులు. ఆ గడి కోసేది, నూర్చేది ఎలాగూ మన కూలీలే. అక్కడ కాగితం మీద పడిన ఆ తూకాన్నే తరువాత ఢిల్లీలో ఉపగ్రహ చిత్రం పక్కన పెట్టి సరిచూస్తారు.